బావగారి రూలు

స్పాములో పాము ఉంది కాబట్టి కనబడగానే కొట్టి చంపెయ్యాలన్నది హరిబాబు సిద్ధాంతం. రాజోలులో గల్ఫు కార్మికుల కుటుంబాల సంఘం ఆఫీసులో కంప్యూటర్ల పని అతనిదే. సంఘానికి సొంత మెయిల్ సర్వరుంది. పెద్దదేం కాదు, బీరువా పక్కన రొద పెడుతూ ఉండే ఓ పాత డబ్బా. వచ్చే ప్రతి మెయిలూ ముందు దాని జల్లెడలో పడాలి. జల్లెడ మార్కులు వేస్తుంది. బళ్ళో మార్కులెక్కువొస్తే పాసు, ఇక్కడ ఎక్కువొస్తే ఖలాసు.

ఆ జల్లెడకి హరిబాబు సొంతంగా ఓ రూలు రాశాడు. వీసా, ఆఫర్ లెటర్, పాస్‌పోర్టు కాపీ, సంతకం, వెంటనే పంపండి. వీటిలో ఏ రెండు మాటలు కలిసినా ఇరవై మార్కులు. ఆ మెయిలు చెత్తబుట్టలో కూడా మిగలదు, గాల్లో కలిసిపోతుంది. రూలుకో పేరు పెట్టాలి కాబట్టి ‘బావగారు’ అని పెట్టాడు. అతని అక్క కళ్యాణి మొగుడు మోహన్, దొంగ ఆఫర్ లెటర్ నమ్మి, డ్రైవరు ఉద్యోగానికని పెట్టె సర్దుకుని, విమానాశ్రయం గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. అప్పట్నుంచీ ఆయన నలుగురిలోకి రావడం మానేశాడు. కోనసీమలో ఏ పేటకెళ్ళినా అలాంటి బావగారొకరు తగులుతారు. అందుకే సెక్రటరీ రాంబాబుగారు ఆ రూలు చూసి, “మన మెయిల్‌బాక్సు కళ్ళాపి జల్లిన వాకిలిలా ఉందయ్యా” అని మురిసిపోయారు. గల్ఫు సంఘంలో గల్ఫు మాటలకే కాపలా పెట్టామన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

హరిబాబు ఇంకో ఘనకార్యం కూడా చేశాడు. జల్లెడ ఏ మెయిలుని ఎందుకు ఆపిందో లైను లైనుగా రాసుకునే లాగ్ ఒకటుంటుంది. దొంగ మెయిళ్ళ ధాటికి అది ఉబ్బి, డిస్కు నిండి, ఓసారి సర్వరే పడకేసింది. దాంతో లాగుడూ వద్దు, పీకుడూ వద్దని లాగ్ కట్టేశాడు.

ఇప్పుడు కూపీ లాగుదామంటే లాగ్ లేదు.

ఎదురుగా బెంచీ మీద వీరాయమ్మ కూర్చుని ఉంది. రోజూ మామిడికుదురు నుంచి ఆటోలో వస్తోంది. ఆవిడ భర్త గంగరాజు ఒమన్లో తాపీపని చేస్తూ పరంజా మీంచి పడ్డాడు. కాలు నుజ్జయింది. మోకాలి కిందకి తీసెయ్యాలని అక్కడి డాక్టర్లంటున్నారు. ఇంటికి పంపండి, కాకినాడలో చూపించుకుంటానని అతనంటున్నాడు. పంపడానికి కంపెనీ ఒప్పుకుంది. అయితే దారిలో ఏం జరిగినా బాధ్యత మాదేనని ఇంటివాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలంది. సంతకం పెట్టాల్సిన ఆ కాగితం కంపెనీ నుంచి సంఘానికి మెయిల్లో రావాలి.

“వచ్చిందాండీ?” అంది వీరాయమ్మ.

“వచ్చేస్తాదమ్మా, వచ్చేస్తాది” అన్నారు రాంబాబుగారు. మొహమ్మీద లేదనడం ఆయన మర్యాదకి చేతకాదు.

“ఆయ్” అంది ఆవిడ. నిన్న కూడా అలాగే సరేనంది.

రాంబాబుగారు హరిబాబు చెవి దగ్గరకొచ్చి, “ఆ కంపెనీవాళ్ళు అసలు పంపలేదయ్యా. ఎంబసీకి కంప్లయింటు పడేద్దాం, దెబ్బకి దారికొస్తారు” అన్నారు.

హరిబాబు ఒమన్లోని ఆ కంపెనీ గుమాస్తా రమణబాబుకి ఫోన్ చేశాడు. అతనిది మన కొత్తపేటే.

“రెండుసార్లు పంపేనండి. పలకరేంటండి మీరు? ఇక్కడ మేనేజరు నన్ను తినేస్తన్నాడు.”

“కాగితం ఫొటో మీ ఫోన్లోంచి కొట్టెయ్యకూడదాండీ?”

“కంపెనీ కాగితం నా ఫోన్లోంచి వస్తే నా ఉద్యోగం ఊడుద్దండి. మెయిల్లోనే రావాలి.”

ఫోన్ పెట్టేశాక హరిబాబు బీరువా పక్కనున్న డబ్బా వైపు తిరిగాడు. బావగారు గుర్తొచ్చారు.

“జల్లెడ ఓసారి చూస్తానండి.”

“జల్లెడ జోలికెళ్ళకు. మొన్న నువ్వు ముట్టుకుంటే రెండ్రోజులు మెయిలే లేదు. కావాలంటే ఆ లాగ్ ఏదో పెట్టుకో” అన్నారు రాంబాబుగారు.

పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ దాన్ని ప్రాణం పోయినా చెప్పకు అన్న స్థాయిలో ఉంచాడు. ఇప్పుడు తుమ్మినా దగ్గినా చెప్పు అన్న స్థాయికి పెంచాడు. ఎవరు పంపారు, విషయమేమిటి, ఎన్ని మార్కులు, వేసిన రూలేది, చివరికేం చేసింది, అన్నీ ఒక్క లైన్లో రాయమన్నాడు. డిస్కు నిండకుండా ఏ రోజు లాగ్ ఆ రోజు మడిచిపెట్టి, మరీ పాతవి చెరిపేసేలా చేశాడు. తెప్పించుకున్న టీ చల్లారేలోపు అయిపోయింది. ఈపాటి పనికా ఇన్నాళ్ళు ఒళ్ళు దాచుకున్నానని తనమీద తనకే రోత పుట్టింది.

రమణబాబుని మళ్ళీ పంపమన్నాడు.

“ఇదే ఆఖరండి. ఇవాళ గురువారం, ఇంకాసేపట్లో ఆఫీసు కట్టేస్తారు. రేపూ ఎల్లుండీ ఇక్కడ సెలవు.”

తెర మీద లైన్లు పడటం మొదలెట్టాయి. దుబాయ్ హోటల్లో వంటమనిషి వీసా: బావగారు, ఇరవై, పారేశాను. కువైట్లో డ్రైవర్ ఆఫర్ లెటర్: బావగారు, ఇరవై, పారేశాను. హరిబాబుకి అలవాటు కొద్దీ కాస్త గర్వం కూడా కలిగింది. తరువాతి లైను పడింది.

గంగరాజును ఇంటికి పంపుట, సంతకం చేసి వెంటనే పంపండి: బావగారు, ఇరవై, పారేశాను.

భుజం మీంచి రాంబాబుగారూ చదివారు. బెంచీ వైపోసారి చూశారు. తరువాత మెల్లగా, “కంపెనీవాళ్ళే పంపలేదని చెప్దాం. సంఘం పరువయ్యా” అన్నారు.

బెంచీ కిర్రుమంది. “వచ్చిందాండీ?”

హరిబాబు కుర్చీ తిప్పుకున్నాడు. “వచ్చిందక్కగారూ. ఇది మూడోసారి. మూడుసార్లూ మా మిషను పారేసింది. అలా పారెయ్యమని దానికి చెప్పింది నేనే.”

వీరాయమ్మ ఆ డబ్బా వంక చూసింది.

“ఏరుకోడానికి లేదాండీ?”

“లేదండి.”

“మరి ఇప్పుడొస్తే ఉంచుతాదాండీ?”

అతను రూలు తీసేశాడు. ఈసారి రాంబాబుగారు జల్లెడ జోలికెళ్ళొద్దనలేదు. బావగారు పోయారు. దొంగ మెయిళ్ళన్నీ ఒకటొకటిగా దర్జాగా లోపలికొచ్చి కూర్చుంటున్నాయి. మళ్ళీ పంపమందామని హరిబాబు చేస్తే, రమణబాబు ఫోన్ మోగుతోంది కాని ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ చేశాడు. చివరికి రమణబాబే చేశాడు.

“ఆసుపత్రికెళ్ళొచ్చేనండి. గంగరాజుకి జ్వరం బాగా ఎక్కువైపోయిందంట. మేనేజరుగారే మీకు కాగితం పంపేరు, చూసుకోండి” అని పెట్టేశాడు.

లాగ్‌లో కంపెనీ పేరుతో లైను పడింది. మార్కులు సున్నా. రూలేమీ లేదు. అందింది.

“వచ్చిందక్కగారూ” అన్నాడు హరిబాబు. ఆవిడ చటుక్కున లేచి, కొంగుతో అరచేతులు తుడుచుకుంది. రాంబాబుగారు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి మరీ ఆవిడ చేతిలో పెట్టారు.

ప్రింటరు కాగితాన్ని కక్కింది. హరిబాబు అందుకుని మొదటి లైను చదివాడు. ఇంటికి పంపే కాగితం కాదు. కుటుంబం నుంచి మూడు మెయిళ్ళకూ జవాబు రానందున, రోగి పరిస్థితి విషమించినందున, కుడికాలు మోకాలి కింది నుంచి తొలగించుటకు భార్య అంగీకారం కోరుతున్నారు. కింద సంతకానికి ఒక గీత, ఆ గీత మీద ఆవిడ పేరు.

జల్లెడకి ఇందులో తప్పేమీ కనబడలేదు.

“సంతకం ఎక్కడండీ?” వీరాయమ్మ అప్పటికే బల్ల మీదకి వంగింది.

హరిబాబు కాగితం ఇవ్వలేదు. తన కుర్చీ ఆవిడ వైపు జరిపాడు.

“కూర్చోండక్కగారూ. ముందు చదువుతాను, వినండి.”

“ఆయ్” అంది ఆవిడ. పెన్ను మూత కోసం చుట్టూ వెతికింది.