గీత పక్కన కొండబాబు

సుబ్బాయమ్మ కొడుకు, బడిలో నా దగ్గర చదువుకున్న కొండబాబు, గోవా క్లబ్బు వదిలి మలేషియాలో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. అతని ఆట టీవీలో వస్తుందని తెలిసి, సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకునే పాలకాయతిప్ప నుంచి ఆమె తన వాళ్ళందరినీ వెంటబెట్టుకుని అవనిగడ్డలోని మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ పోయాక మా హాలు అంత సందడిగా ఉండటం అదే మొదలు.

కొండబాబు వింగర్. మైదానం అంచున, తెల్లగీత పక్కనే ఉంటాడు. బంతి ఎంతకీ అటు రాలేదు.

“మావోణ్ణి గట్టు మీదే నిలబెట్టేశారేంటండీ మాస్టారూ? అక్కర్లేనప్పుడు అక్కడెందుకు? ఫోన్ చేస్తాడుగా, వచ్చెయ్యమంటాను,” అంది సుబ్బాయమ్మ.

“ఉండు పిన్నీ, బంతి రానీ,” అన్నాడు ఆమె అక్క కొడుకు మోహన్.

వచ్చింది. కొండబాబు గీత వెంబడి దూసుకెళ్ళి బంతిని మధ్యలోకి కొట్టాడు. అక్కడున్న పొడుగాటి కుర్రాడు తలతో గోలు చేసి, నేరుగా పరుగెత్తుకొచ్చి కొండబాబును ఎత్తుకున్నాడు.

సుబ్బాయమ్మ లేచి నిలబడింది.

“ఓర్నీ, ఇది అలివి వల లాగినట్టే కదరా! చేపలు పడేది నడుమ సంచిలోనే. అంచున తాడు లాగేవోడు లేకపోతే వల ఒడ్డుకొస్తదా?”

ఆట అయ్యాక కొండబాబు ఫోన్ చేశాడు. వచ్చెయ్యమని ఆమె అనలేదు.

“ఆ గోలు కొట్టినోడు మరీ బక్కగా ఉన్నాడ్రా. కాస్త చేపల పులుసు వండిపెట్టు,” అంది.