పీరు పేరున ఒక గుక్క

మధ్యాహ్నం పన్నెండు దాటాక మసరాభాయ్ సైకిలు రోడ్డు దిగి ఇసుకలోకి పోయి ఒరిగింది. ఆయన లేవలేదు. వెనకాలే వస్తున్న తమ్ముడు భేమో తన సైకిలు అక్కడే పడేసి పరుగెత్తాడు.

గుజరాత్‌లో థరాద్ దగ్గరి పల్లె నుంచి తొమ్మిది సైకిళ్ళు బయల్దేరి ఇది ఐదో రోజు. రాజస్థాన్‌లోని రామ్‌దేవరా చేరి రామ్‌సాపీరు సమాధి దగ్గర జెండా ఎక్కించాలి. జట్టు పెద్ద వాఘాకాకాకి ఈల ఊదడం తప్ప వెనక్కి తిరిగి చూడడం చేతకాదు. మిగతా వాళ్ళు ఆ ఈల వెంటే పోయారు. ఎదురుగాలి ఇసుకని మొహాన కొడుతుంటే వెనక ఎవరు పడ్డారో ఎవరికి కావాలి? భేమో ఫోను తీసి చూశాడు. సిగ్నల్ లేదు. యాత్రికులకి నీళ్ళూ తిండీ ఇచ్చే తరవాతి సేవా శిబిరం ఇంకా పదకొండు కిలోమీటర్లుంది.

అన్నని చంకల కింద పట్టుకుని జమ్మిచెట్టు కిందికి ఈడ్చాడు. నీడ అని పేరేగానీ అది జల్లెడ. మసరాభాయ్ ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. పెదాలు పగిలి నల్లబడ్డాయి. సీసాలో మిగిలిన సగం నీళ్ళు ఆయన నోటి దగ్గర పెట్టాడు. మసరాభాయ్ పళ్ళు బిగించాడు.

ఆయన మొక్కు సంగతి జట్టులో అందరికీ తెలుసు. ఎనిమిది నెలల మనవరాలు కంకు పాలన్‌పూర్ ఆసుపత్రిలో ఊపిరందక కొట్టుకుంటోంది. అది బతికితే చాలు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా చుక్క నీళ్ళు ముట్టకుండా తొక్కుకుంటూ వస్తానని పీరుకి మొక్కుకున్నాడు. ఈ ఎండల్లో అలా మొక్కుకోవడానికి బుద్ధుందా అని బయల్దేరిన రోజే భేమో అడిగాడు. బుద్ధి ఉన్నవాడికి మొక్కులెందుకురా అన్నాడు అన్న.

"పొద్దు గుంకడానికి ఆరు గంటలుంది. అప్పటిదాకా నువ్వుండవు. తాగన్నా."

మసరాభాయ్ తల అడ్డంగా ఊపాడు.

రోడ్డు మీద లారీ ఒకటి వచ్చింది. భేమో అడ్డం నిలబడి చేతులూపాడు. డ్రైవరు దాన్ని యాత్రికులు చెప్పే జైబాబా దండం అనుకున్నాడేమో, హారన్ కొట్టి పక్కనుంచి వెళ్ళిపోయాడు. మేళా రోజుల్లో రోడ్డు పక్కన పడుకున్న యాత్రికుడు ఎవరికీ వింత కాదు. భేమో ఆ లారీవాణ్ణి ఏడు తరాలు తిట్టి తిరిగొచ్చాడు.

అన్న బుగ్గలు నొక్కి నోట్లో పోశాడు. మసరాభాయ్ మొహం తిప్పేసుకున్నాడు. నీళ్ళు ఇసుకలో పడి చుయ్యిమన్నాయి. సీసాలో నాలుగు గుక్కలు మిగిలాయి.

"నువ్వు ఎండి చస్తే కంకుకి ఏం ఒరుగుతుంది? చెప్పు."

"కంకు లేదురా."

భేమోకి ముందు అర్థం కాలేదు.

"పొద్దున నువ్వు టైరుకి గాలి కొడుతుంటే అల్లుడు ఫోన్ చేశాడు. తెల్లారుజామున పోయిందట. ఈపాటికి మన్నులో పెట్టేసుంటారు."

"మరి చెప్పవేం?"

"చెబితే వాఘాకాకా అందర్నీ ఆపేవాడు. నా ఒక్కడి కోసం ఎనిమిది మంది మొక్కులు పాడవ్వాలా?"

"పాప పోయాక ఇంకా ఎవరి కోసం దాహం పెట్టుకున్నావు?"

మసరాభాయ్ నాలుక తడవక మాట ముక్కలైంది. "నిన్న తాగాను."

భేమో కూలబడ్డాడు.

"రోజూ శిబిరం కనపడితే దిగకుండా తొక్కేసేవాణ్ణి. నిన్న మూడింటికి శిబిరం ముసలాయన ఒకడు రోడ్డుకడ్డంగా నిలబడ్డాడు. నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. పీరు పేరున ఒక గుక్క అన్నాడు. ఆ పేరు చెప్పి ఇస్తే ఎలా కాదనను? తాగేశాను. రాత్రి గడవలేదు, పాప పోయింది. నేనే చంపుకున్నానురా."

పాప ఊపిరితిత్తుల గురించి డాక్టరు మొదటిరోజే పెదవి విరిచాడని చెప్పొచ్చు. అన్న వింటాడా? తనే అయితే వినేవాడా? కళ్ళముందే మనిషి పోతున్నాడు.

అప్పుడు లేచాడు. తలపాగా విప్పి జమ్మికొమ్మ నుంచి కొమ్మకి పందిరిలా కట్టాడు. శిబిరాల్లో నీళ్ళిచ్చేవాళ్ళు చెప్పులు వేసుకోరు, తనూ విప్పేశాడు. ఇసుక అరికాళ్ళని కాల్చింది. అన్న ఎదురుగా వచ్చి చేతులు జోడించాడు.

"జైబాబా. ఎక్కణ్ణించి రాక, యాత్రికుడా?"

"నాటకాలు కట్టిపెట్టరా."

భేమో వంగి అన్న పాదాలకి నుదురు ఆనించాడు. "రామ్‌సాపీరు పేరున ఒక గుక్క. కాదనకు."

మసరాభాయ్ కళ్ళు పెద్దవయ్యాయి. కోపమో భయమో తెలియలేదు. "నిన్న తాగితే పాప పోయింది. ఇవాళ ఎవర్ని పంపమంటావు?"

"నాకు తెలీదు. నేను శిబిరం వాణ్ణి. ఇవ్వడం ఒక్కటే నా పని."

కాళ్ళు బొబ్బలెక్కుతున్నా భేమో నీడలోకి జరగలేదు. చివరికి మసరాభాయ్ దోసిలి పట్టాడు. భేమో ఒక్క గుక్కే పోశాడు. ఆయన తాగి, దగ్గి, మళ్ళీ ఊపిరి తీశాడు.

"నిన్నటి ముసలాయన తప్పేం లేదు కదరా."

"లేదు."

"పీరుదీ లేదు."

"లేదు."

"మరి నాదో?"

శిబిరం వాడి గొంతు ఎక్కడికో పోయింది. భేమో చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "నీదీ లేదన్నా. ఒట్టు, నీదీ లేదు."

భేమో ముక్కు తుడుచుకుని సీసా వంచాడు. ఈసారి పీరు పేరు ఎత్తలేదు.

మసరాభాయ్ దోసిలి పట్టాడు.