కడచీలలు

జొన్నల పాతర మీది బండ తీసి గంటయింది. లోపలికి దింపిన దీపం రెండుసార్లూ ఆరిపోయింది.

"రేపటిదాకా ఆగాలయ్యా," అన్నాడు దానయ్య. "రెండేళ్ళ పాతర. ఆవిరి పోలేదు. దీపం ఆరిపోవటం మీరూ సూశారు గదా."

కామందు జానకిరామయ్య అరుగు మీది కుర్చీలోంచి కదలలేదు. "వాగు అవతల మిలిటరీ లారీలు కాసుకొనున్నాయిరా. రేపటిదాకా వాళ్ళు ఆగుతారా? దిగు."

"ఆవిరి కొడితే సస్తానయ్యా."

"చస్తే ఇంకోడు దిగుతాడు. నీ గుడిసె ఎవరి స్థలంలో ఉందో గుర్తుందా?"

పెరట్లో ఇరవైమంది కూలీలున్నారు. అది నలభై మూడో సంవత్సరం వేసవి. యుద్ధంతో బర్మా బియ్యం ఆగిపోయాక పల్నాడంతా జొన్నగింజ కోసం అల్లాడుతోంది. కూలికి గింజలు కొలిచే కామందులు ధర పెరగ్గానే అణాలు చేతిలో పెడుతున్నారు. ఆ అణాలు పట్టుకుని నకరికల్లు పోతే అక్కడా గింజ లేదు. గింజంతా ఇట్లా భూమిలో ఉంది. ఇప్పుడది మిలిటరీ కంట్రాక్టు కింద పైకి లేస్తోంది.

తాడు మన్సూరు చేతిలో ఉంది. మన్సూరు బండి తోలేవాడు, దానయ్య కూలి చేసేవాడు. ఇద్దరూ చిన్నప్పుడు వాగొడ్డున పశువులు కాశారు, ఒకే రొట్టె విరుచుకు తిన్నారు. వచ్చే ఆదివారం ఊరవతల, అంటరానివాళ్ళ పల్లెలో దానయ్యకూ రాజారత్నానికీ పెళ్ళి. పెళ్ళివారిని తన బండి మీదే తిప్పుతానని మన్సూరు ఎడ్ల కొమ్ములకు రంగు కూడా వేశాడు.

"గట్టిగా పట్టుకో మావా," అన్నాడు దానయ్య నడుముకు తాడు బిగించుకుంటూ. "ఒక్కసారి గుంజానంటే లాగెయ్."

మన్సూరు తాడు కింద పడేసి 'వాడు దిగడు' అనాలనుకున్నాడు. కామందు వైపు చూశాడు. తన బండికి పని ఇచ్చేవాడు ఆ ఒక్కడే. మన్సూరు తాడు పట్టుకున్నాడు.

దానయ్య చీకట్లోకి దిగాడు. లోపలినుంచి తాడును ఎవరూ గుంజలేదు. ఉన్నట్టుండి అది బరువెక్కింది.

మన్సూరు కేక పెట్టాడు. నలుగురు పట్టి లాగారు. ఒళ్ళు పాతర గోడకు అడ్డం పడి పైకి రాలేదు. మన్సూరు తలగుడ్డ నీళ్ళలో ముంచి మొహానికి చుట్టుకున్నాడు, ఊపిరి బిగబట్టి ఇంకో తాడు మీద దిగాడు. చీకట్లో తడిమి దానయ్య చంకల కింద చేతులు వేశాడు. ఇద్దర్నీ కలిపి పైకి లాగారు. దానయ్య పెదవులు నల్లబడ్డాయి. నోటినిండా జొన్నలు. మన్సూరు మోకాళ్ళ మీద పడి కక్కుకున్నాడు.

"వాణ్ణి అవతలికి జరపండి," అన్నాడు జానకిరామయ్య. "కాసేపాగి ఇంకోణ్ణి దింపండి."

అప్పటికే ఎవరో పరుగున పోయి చెప్పారు. రాజారత్నం చేలోంచి కొడవలితోనే వచ్చింది. ఏడవలేదు. దానయ్య తల ఒళ్ళో పెట్టుకుని నోట్లోని గింజలు వేలితో ఒక్కొక్కటే తీసి పారేసింది.

"తాడు ఎవురు పట్టుకుంది?" అని అడిగింది.

"నేను," అన్నాడు మన్సూరు.

ఆమె అతని వంక ఒక్కసారి చూసింది. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

*

దానయ్యను పూడ్చిపెట్టిన మన్ను ఆరకముందే ఊళ్ళో కొత్త మాట పుట్టింది. దానయ్య దొంగతనానికి పాతరలో దిగాడట, ఆవిరి కొట్టి చచ్చాడట. కామందు గుమాస్తా సుందరరావు ఆ మాటను కాగితం మీదికి ఎక్కించాడు. మన్సూరుని పిలిపించి సాక్షిగా వేలిముద్ర వెయ్యమన్నాడు.

"నేనే గదయ్యా తాడు పట్టుకుంది. మీరే గదా దిగమంది."

జానకిరామయ్య నవ్వాడు. "ఒరేయ్ సాయిబూ! వాడెవరు, నువ్వెవరు? పల్లెవాడి చావుతో నీకేం పనిరా? ముద్ర వెయ్. ఎన్నాళ్ళు యుద్ధముంటే అన్నాళ్ళు నీ బండికి పని."

"రేపొచ్చి ఏస్తానయ్యా," అని మన్సూరు బయటపడ్డాడు.

ఇంటికొచ్చి భార్య కుల్సుంకు చెప్పాడు. ఆమె రొట్టెలు కాలుస్తోంది. పెనం మీది రొట్టె మాడుతున్నా తిప్పలేదు.

"వెయ్యనంటే ఎడ్లను అమ్ముకోవాల," అన్నాడు మన్సూరు. "ఈ ఊళ్ళో ఇంకెవరు పనిస్తారు?"

"నేనూ రాజారత్నమూ పక్కపక్క సాళ్ళలో పత్తి తీశాం," అంది కుల్సుం. "నాకు జొరమొస్తే నా సాలు కూడా అదే తీసింది. రేపు దాని మొహం నేను సూడాల. ఏ మొహంతో సూడను? తాడు పట్టుకుంది సాలదా? ఇప్పుడు సచ్చినోణ్ణి దొంగని కూడా అంటావా?"

"నన్ను సంపుతున్నావే..."

"నువ్వు ముద్ర ఏసిన చేత్తో నా ఇంట్లో రొట్టె ముట్టబాక. అంతే."

మన్సూరు లేచి పల్లె దారి పట్టాడు.

పొద్దు గుంకుతోంది. ప్రార్థన జరిగే తాటాకు పాకలో పల్లె అంతా కూడింది. మధ్యలో కోటయ్య నిలబడి ఉన్నాడు. ఆయన ముసలి కూలీ, కూలి సంఘం మనిషి. ఎడ్లపాడు దాకా కాలినడకన పోయి సంఘం మాటలు మోసుకొచ్చేవాడు.

"ఇల్లు తగలబెడదాం!" అని కుర్రకారు అరుస్తోంది.

"ఇల్లు తగలబెడితే పోలీసులొచ్చి మన పల్లె తగలబెడతారు," అన్నాడు కోటయ్య. "ఆడికి నొప్పి తగిలేది గింజ దగ్గర. గింజ వాగు దాటకుండా ఆపుదాం. లారీలు ఉత్తగా పోతే ఆ మిలిటరీవోళ్ళే ఈడి పీక పట్టుకుంటారు. ముందు కూలి గింజల్లో కొలవమందాం. దానయ్యను సంపానని ఒప్పుకోమందాం."

"ఆపేదెట్టా? మనం ఎత్తకపోతే పక్కూరోళ్ళు ఎత్తుతారు."

"ఎత్తనీండి," అన్న మాట వాకిట్లోంచి వినిపించింది. అందరూ తిరిగి చూశారు. మన్సూరు. రాజారత్నం మొహం అటు తిప్పుకుంది.

"వాగు ఇసకలో లారీ దిగబడుద్ది," అన్నాడు మన్సూరు. "గింజ అవతలికి పోవాలంటే బళ్ళే దిక్కు. పందొమ్మిది బళ్ళు. మావాళ్ళవి ఎనిమిది, మిగతావి ఊరోళ్ళవి. అందరితో నేను మాట్టాడతా."

"నీ మాట నమ్మేదెట్టా?" ఒక ముసలమ్మ అడిగింది.

"నమ్మమాకండి. ఎల్లుండి పొద్దున గింజ బళ్ళకెత్తుతారు. ఆడికొచ్చి సూడండి."

*

మర్నాడంతా మన్సూరు బండివాళ్ళ గుమ్మాలు తొక్కాడు. కొందరు తిట్టారు. గోవిందయ్య అనే బండివాడు తలుపేసుకున్నాడు, మళ్ళీ అతనే వెనక తలుపులోంచి వచ్చి, "మా ఇంట్లోనూ మూడురోజులుగా గింజ లేదురా" అన్నాడు. వేలిముద్ర కోసం కామందు మనిషి రెండుసార్లు వచ్చాడు. మన్సూరు దొరకలేదు.

మూడోనాడు ఎండ ఎక్కేసరికి పందొమ్మిది బళ్ళూ నిండి బజారు పొడుగునా నిలబడ్డాయి. పక్కూరి కూలీలు బస్తాలెత్తి పోయారు. పల్లె మొత్తం బజారుకు రెండు పక్కలా నిలబడి చూస్తోంది.

"ఎడ్లు కట్టండి!" అన్నాడు సుందరరావు.

ముందు బండి మన్సూరుది. అతను ఎడ్లను కాడి దగ్గరికి తీసుకుపోలేదు. సుత్తి తీసుకుని వంగాడు. చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగేసే ఇనప మేకు కడచీల. రెండు దెబ్బలకు అది ఊడొచ్చింది. రెండో పక్కదీ ఊడదీశాడు.

"ఏంది రా ఆ పని?"

"దానయ్య దొంగ కాదు," అన్నాడు మన్సూరు బజారంతా వినబడేలా. "కామందు బలవంతాన దింపితే సచ్చాడు. కూలోళ్ళకు గింజ కొలిచిందాకా ఈ బండి కదలదు."

తర్వాత వెనక గోవిందయ్య బండి దగ్గర సుత్తి మోగింది. ఆపైన ఇంకోటి. బజారు చివరిదాకా ఇనుము మీద ఇనుము మోగుతూ పోయింది. రాజారత్నం చెంగు ఒడిలా కట్టుకుని వచ్చి మన్సూరు ముందు నిలబడింది. అతని మొహం చూడలేదు. అతను కడచీలలు ఆ ఒడిలో వేశాడు. ఆమె బండి బండికీ తిరిగి అన్నీ పోగుచేసి బజారు బావిలో కుమ్మరించింది.

జానకిరామయ్య మనుషులు యాభైమంది వెదురు కర్రలతో ఇళ్ళలోంచి దూకారు.

మొదటి దెబ్బ మన్సూరు ఎడమచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినబడింది. మరొకడు ఎద్దు మోకాలి మీద కొట్టాడు. ఎద్దు బెదిరి బండిని గుద్దింది. చక్రం ఇరుసులోంచి జారి దొర్లింది, బండి ఒరిగిపోయింది, బస్తాలు పగిలి జొన్నలు బజారున పారాయి. సుందరరావు కోటయ్య గొంతు పట్టుకున్నాడు. పల్లె ఆడవాళ్ళు రాళ్ళెత్తారు. పల్నాట రాళ్ళకు కరువు లేదు. సుందరరావు తల పగిలి జొన్నల మీద బోర్లాపడ్డాడు. ఒక కర్ర కుల్సుం వీపు మీద విరిగింది. ఆమె ఆ విరిగిన ముక్కే తీసుకుని కొట్టినవాడి మొహం మీద బాదింది. పల్లె, బండివాళ్ళు ఒక్కటై తోసేసరికి యాభైమందీ కామందు గేటుదాకా వెనక్కి పోయారు.

"ఎగబడబాకండి!" కోటయ్య జొన్నల మధ్య నిలబడి గింజ కొలిచే కుంచం పైకెత్తాడు. "కొలిచి పంచుకుందాం! ఇది దోపిడీ కాదు, మన కూలి!"

నాలుగిళ్ళవాళ్ళకు కొలిచాడు. అయిదోది కొలుస్తుండగా వాగు దాటి రిజర్వు పోలీసులు వచ్చారు. చెదిరిపొమ్మన్నారో లేదో ఎవరికీ వినబడలేదు. తుపాకులు పేలాయి. కోటయ్య కుంచం మీదే ఒరిగాడు. నీ మాట నమ్మేదెట్టా అని పాకలో అడిగిన ముసలమ్మ ఆయన పక్కన పడింది. జనం పారిపోలేదు, ఆ ఇద్దరి చుట్టూ మూగారు. రెండోసారి పేలాయి. మరో ముగ్గురు పడ్డారు. బజారులో జొన్నలు ఎర్రగా ముద్దకట్టాయి.

విరిగిన చేయి వేలాడుతున్న మన్సూరుని జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు.

*

ఠాణాలో ఏడు రోజులు కొట్టారు. ఇన్‌స్పెక్టరు పాత కాగితమే ముందు పెట్టాడు.

"దానయ్య దొంగ. పల్లెవాళ్ళు దోపిడీగాళ్ళు. ముద్ర వేస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు."

మన్సూరు కాగితాన్ని అవతలికి తోశాడు. బాగున్న చేతి వేలిని వాళ్ళే సిరాలో ముంచి కాగితం మీదికి లాగారు. మన్సూరు ఆ కాగితాన్ని పిడికిట్లో నలిపి నోట్లో పెట్టుకుని నమిలాడు. ఆ రోజు రెండు పళ్ళు రాలిపోయాయి.

తొలకరి పడ్డాక నరసరావుపేట కోర్టులో నిలబెట్టారు. అతనితో పాటు మరో పదకొండుమంది. సగం పల్లె, సగం బండివాళ్ళు.

"దోపిడీ చేశారా?" అని అడిగాడు మేజిస్ట్రేటు.

"అయ్యా, దానయ్య దొంగ కాదు," అన్నాడు మన్సూరు. పళ్ళు లేక మాట జారుతున్నా గొంతు పెద్దది చేశాడు. "దీపం రెండుసార్లు ఆరింది. దిగమని జానకిరామయ్యగారు బెదిరించారు. తాడు పట్టుకుంది నేను. వద్దనలేకపోయాను. అది నా తప్పు. దానికి ఎంత శిక్షయినా వెయ్యండి. గింజలంటారా, అవి మా కూలి. అందరం కలిసి ఆపాం."

రెండేళ్ళు వేశారు. కామందును ఎవరూ కోర్టుకు పిలవలేదు.

మెట్లు దిగేసరికి బయట చాలామంది జనం ఉన్నారు. వాగవతల ఊళ్ళవాళ్ళూ, పేట బండివాళ్ళూ, తెలియని మొహాలెన్నో. లారీ ఎక్కిస్తుంటే గుంపులోంచి కేక వినబడింది.

"మన్సూరన్నా!"

రాజారత్నం. పాతర దగ్గర ఆ రోజు తర్వాత అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. మన్సూరు చువ్వలు పట్టుకున్నాడు.

"కుల్సుం నా కాడే ఉంది. భయపడబాక," అంది. "తొలివాన పడి పదిరోజులాయె. కామందు చేలో ఒక్క అరకా దిగలేదు. చుట్టుపక్కల నాలుగూళ్ళలోనూ దిగలేదు. గింజ కూలి కొలిచిందాకా దిగం."

"పక్కకు జరగవే!" ఒక పోలీసు లాఠీ ఆమె భుజం మీద దింపాడు.

ఆమె జరగలేదు. లారీ ముందు నేల మీద కూర్చుంది. ఆమె పక్కన కుల్సుం కూర్చుంది. వాళ్ళ వెనక పల్లె, పల్లె వెనక బండివాళ్ళు, వాళ్ళ వెనక పేట బజారు. లాఠీలు లేచాయి, పడ్డాయి. నెత్తురోడే తలలు వంగాయి గాని వరస విడిపోలేదు.

"కూలి!" అని అరిచాడు మన్సూరు లారీలోంచి.

"గింజల్లోనే!" అని రోడ్డంతా పలికింది.

లారీ ఆ పూట కదలలేదు.