భుజం మార్చుకునే చోటు

ప్రేమదాసు దొంగతనం చేసి ఉంటే జయరాజ్ ఇంత బాధపడేవాడు కాదు. దొంగిలించిన వస్తువు ఎవరింట్లోనో, ఎవరి చేతిలోనో ఉంటుంది. ప్రేమదాసు దొంగతనం చేయలేదు, సరిచేశాడు. నందిగామ చర్చిలో కీబోర్డు వాయించే ఆ మనిషికి మెట్ల మీద వేళ్ళు ఎలా పెట్టాలో నేర్పింది జయరాజే. నేర్పినందుకు దక్కింది ఇదీ అని ఇప్పటికీ కనిపించినవాళ్ళందరికీ చెబుతాడు.

జయరాజ్‌ది జగ్గయ్యపేట. ఆరో తరగతితో బడి మానేసి సున్నపురాయి క్వారీలో దిగాడు. చర్చిలో హార్మోనియం ముందు కూర్చున్న రోజు నుంచి ఆ పని మీద మనసు నిలవలేదు. పెళ్ళయ్యాక కీబోర్డు కొంటానని పట్టుబట్టాడు. తల్లి రత్నమణికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన మెట్ట చెక్క గరికపాడు దగ్గర ఉండేది. అది అమ్మితే తప్ప కీబోర్డు రాదు. ఆమె కొన్నాళ్ళు కొడుకుతో మాట్లాడలేదు. చివరికి కాగితం మీద వేలిముద్ర వేస్తూ ఒక్కటే అడిగింది.

"మీ నాన్న దరువు అందులో పెట్టరా. నేను పోయిన్నాడు ఆ దరువు మీదే నన్ను తీసుకెళ్ళాలి."

తండ్రి ప్రేమానందం డప్పు వాయించేవాడు. చర్చిలోకి డప్పు రానిచ్చేవాళ్ళు కాదు గానీ, సమాధుల తోటకి నడిచే దారిలో మాత్రం ఏ పాస్టరుగారూ అడ్డు చెప్పలేదు. ఆయన దరువు నెమ్మదిగా ఏడు చుట్లు తిరిగేది. ఎనిమిదో చుట్టులో నిలిచిపోయేది. శవపెట్టె మోసేవాళ్ళు భుజం మార్చుకోవాల్సింది అక్కడే. ఆ నిశ్శబ్దంలో ప్రేమానందం డప్పు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు, తలుపు తట్టినంత మెల్లగా. మొదటిదానికి బరువు ఒక భుజం వదిలేది, రెండోదానికి ఇంకో భుజం అందుకునేది. ఆ రెంటికీ మధ్య ఎంత ఆగాలన్నది మోసేవాళ్ళ అడుగులు చూసి ఆయనే తేల్చుకునేవాడు.

చావు దరువు మనుషులు కాపురముండే ఇంట్లో మోగించకూడదు. ప్రేమానందం ఇంట్లో ఉండగా మోకాలి మీదైనా దాన్ని తట్టి ఎరగడు. అందుకే కొత్త కీబోర్డునీ, ఒక బ్యాటరీనీ ఆటోలో వేసుకుని తండ్రీకొడుకులు పాడుబడ్డ క్వారీ దగ్గరికి వెళ్ళారు. తండ్రి వాయిస్తుంటే కొడుకు డ్రమ్ము మెట్ల మీద వేళ్ళతో పట్టుకునేవాడు. ఆ రెండు దెబ్బల దగ్గర తండ్రి ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు. ఎండలు ముదిరే దాకా వెళ్ళివస్తే, ఒక సాయంత్రం నిలువుగా ఊపాడు. అలా అది జయరాజ్ కీబోర్డులో స్టైల్ అయి కూర్చుంది. మరుసటి చలికాలం ప్రేమానందం పోయాడు. ఆయన పెట్టె ఆయన దరువు మీదే నడిచింది.

స్టైల్ అంటే కీబోర్డు తనంతట తాను వాయించుకునే దరువూ, బేసూ, వెనక వాద్యాలూ. ఎడం చేత్తో మూడు మెట్లు కలిపి కార్డు పట్టుకుంటే చాలు, వెనక నలుగురు కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది. కంపెనీవాడు ఇచ్చినవాటిలో మన పాటలకి పనికొచ్చేవి కొన్నే. మిగతావి ఒకరి దగ్గర ఒకరు సంపాదించుకోవాలి, ఒకటి ఇస్తేనే ఒకటి. పెళ్ళిళ్ళలో కలిసిన ఆర్కెస్ట్రావాళ్ళ దగ్గరా, కన్వెన్షన్లకి వచ్చిన గుంటూరు కుర్రాళ్ళ దగ్గరా జయరాజ్ పోగుచేశాడు. వాటిని అందరిలా వేగాన్ని బట్టి పేర్చలేదు, మనుషుల కాళ్ళని బట్టి పేర్చాడు: కూర్చుని పాడేవి, నిలబడి పాడేవి, గంతులేసేవి, నడిచేవి. నడిచేవాటిలో ఉన్నది ఒక్కటే. దాని పేరు 'నాన్న'. దాన్ని ఎవరికీ మారకం వేయలేదు.

పోయినేడు కీబోర్డు తెర నల్లబడింది. బాగుచేస్తే లోపల ఉన్నదంతా చెరిగిపోతుందని విజయవాడ మెకానిక్ ముందే చెప్పాడు. ఇంకో కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ చూస్తే అది తెరుచుకోనని మొరాయిస్తోంది. ప్రేమదాసు దగ్గర కంప్యూటర్ ఉంది కదా అని జయరాజ్ నందిగామ బస్సెక్కాడు. వారం పోయాక ప్రేమదాసు స్టైళ్ళన్నీ కొత్త పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు, చక్కగా సర్దిపెట్టాననీ, పాతది ఇక పనికిరాదని పారేశాననీ చెప్పాడు. జయరాజ్ ఇంటికొచ్చి పేర్లు చూసుకున్నాడు. 'నాన్న' ఉంది. మిగతావన్నీ మోగించి చూశాడు, దాన్ని మాత్రం మోగించలేదు. ఇంట్లో మంచం మీద అమ్మ ఉంది.

ఆ తర్వాత దాంతో పని పడలేదు. ఊళ్ళో పెట్టెలు ఇప్పుడు వ్యానెక్కి పోతున్నాయి, భుజం అడిగేవాళ్ళు తక్కువ.

రత్నమణి ఈ ఫిబ్రవరిలో కన్నుమూసింది. వ్యాను వద్దన్నాడు జయరాజ్. ట్రాలీ ఆటో మీద కీబోర్డు, బ్యాటరీ, స్పీకరు కట్టించి పెట్టె వెనకాలే కూర్చున్నాడు. మోసేవాళ్ళలో ముందు ఎడమవైపు రత్తయ్య, ప్రేమానందం డప్పు మీద ఎన్నో పెట్టెలు మోసిన మనిషి. మిగతా ముగ్గురూ పడుచువాళ్ళు. నందిగామ నుంచి ప్రేమదాసు కూడా వచ్చాడు.

వీధి దాటాక జయరాజ్ 'నాన్న' నొక్కాడు. ఏడు చుట్లూ తిరిగాయి. రత్తయ్య అలవాటుగా ఆగాడు. దరువు ఆగలేదు. వెనకున్నవాళ్ళు దరువుతోపాటే అడుగేశారు. పెట్టె ముందుకు ఒరిగింది, ఆడవాళ్ళు గొల్లుమన్నారు. రత్తయ్య మోకాలు నేలకి ఆనించి ఎలాగో నిలబెట్టాడు. జయరాజ్ కీబోర్డు ఆపేశాడు. సమాధుల తోట దాకా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

మట్టి వేసి అందరూ చేతులు కడుక్కుంటుంటే ప్రేమదాసు దగ్గరికొచ్చాడు.

"జయరాజన్నా, అది నేనే సరిచేశా. ఎనిమిదో చుట్టు, ఆ బార్ మొత్తం ఖాళీగా ఉంది, ఏవో రెండు దెబ్బలు టైముకి పడకుండా ఉన్నయ్. రికార్డింగులో పోయిందేమోనని ముందు బార్ తెచ్చి నింపా."

"అది ఖాళీ కాదురా. మా అమ్మ భుజం మారే చోటు."

"నాకెట్టా తెలుస్తదన్నా? ఒక్కసారన్నా వినిపించావా? ఒక్కసారి మోగించి చూసుకున్నా తెలిసేది."

జయరాజ్ చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. ప్రేమదాసు ఫోన్ తీసి, ఇప్పుడు తట్టన్నా, మళ్ళీ ఎక్కిద్దాం అన్నాడు. జయరాజ్ ఆటో రేకు మీద ఒక దెబ్బ వేశాడు. రెండోది ఎప్పుడు వేయాలో వేళ్ళకి తోచలేదు. తొందరపడ్డాడు, మళ్ళీ వేస్తే ఆలస్యమైంది. చుట్టూ చూశాడు, నిలువుగా ఊపే తల లేదు.

"నువ్వు చెప్పు బాబాయ్."

రత్తయ్య గీసుకుపోయిన మోకాలికి అంటిన మట్టి దులుపుకున్నాడు.

"భుజాన బరువుంటే కాలికి తెలుస్తదిరా. ఉత్తినే అడిగితే నాకేం తెలుసు."

అప్పటి నుంచి జయరాజ్ ప్రేమదాసుతో మాట్లాడలేదు. 'నాన్న' అన్న పేరు కీబోర్డులో అలాగే ఉంది, నడిచేవాటిలో ఒక్కటే. తీసేయడు, మోగించడు. ప్రేమదాసు నీకేం నష్టం చేశాడని ఎవరైనా అడిగితే దరువు గురించి ఎత్తడు. దాన్ని కొలిచి చూపించడం ఎలాగో అతనికి తెలియదు. కొలతకి అందే జవాబే చెబుతాడు: మా అమ్మ మెట్ట, గరికపాడు దగ్గర, నలభై రెండు సెంట్లు.