పదిహేడో వరసలో నాలుగో మాస్కు

నేను ఒక ఎక్స్‌ట్రా మాస్కును. విమానంలో మీ నెత్తిమీద ఉండే పెట్టెలో మూడు సీట్లకు నాలుగు మాస్కులు పెడతారు. ఆ నాలుగోదాన్నే నేను. ఒడిలో చంటిపిల్ల ఉంటేనో, దారిలో ఎవరైనా నిలబడి ఉంటేనో పనికొస్తానని చెప్పి ఫ్యాక్టరీ నుంచి పంపించారు. పసుపు రంగు కప్పు, ఒక ఎలాస్టిక్ తాడు, కింద ఉబ్బని సంచి, ఇదీ నా ఒళ్ళు. సంచి ఉబ్బలేదని గాభరా పడకండి, గాలి వస్తూనే ఉంటుంది. ఈ ముక్క ప్రతి విమానంలోనూ చెప్తారు, ఒక్కరూ వినరు.

తొమ్మిదేళ్ళు ఆ చీకటి పెట్టెలో ముడుచుకుని పడుకున్నాను. కింద ఎయిర్‌హోస్టెస్ రోజుకు ఆరుసార్లు, "ముందు మీ మాస్కు పెట్టుకోండి, తర్వాతే పక్కవాళ్ళకు సాయం చేయండి" అని చెప్పేది. జనం సరిగ్గా అప్పుడే ఆవులించేవారు. మా పైన ఒక డబ్బా ఉంటుంది. మాస్కు లాగగానే అందులోని మందు రాజుకుని ప్రాణవాయువు పుడుతుంది. మొదలైతే ఇక ఆగదు. ఇరవై రెండు నిమిషాలు, అంతే. అదే నా బతుకంతా. మిగతాది నిద్ర.

ఆ రోజు పొద్దున్న ఢిల్లీ నుంచి లేహ్ వెళ్తున్నాం. అక్కడేదో ఉత్సవంలో ఆడటానికి పాలకొల్లు కోలాటం బృందం ఎక్కింది. సీటు బెల్టు దీపం ఆరగానే ఆ బృందంలోని మంగతాయారుగారు లేచి పులిహోర డబ్బా తెరిచారు. ఇంగువ వాసన నా పెట్టెలోకి కూడా ఎగబాకింది. వడ్డించుకుంటూ ఆవిడ మా వరసకు వచ్చారు. దారి పక్క సీటులో ఆవిడ వియ్యపురాలు కనకరత్నంగారు, అంటే అల్లుడి తల్లి. ఆరేళ్ళుగా ఈవిడకంటే ముందు మంగతాయారుగారు ఒక్క మెతుకు ముట్టలేదని, కనకరత్నంగారు ఆ మర్యాద వీసమెత్తు తగ్గనివ్వలేదని కిటికీ వైపు ఇద్దరూ గుసగుసలాడుకుంటుంటే విన్నాను.

అప్పుడే తలుపు రబ్బరు ఎక్కడో చినిగింది. లోపలి గాలి బయటికి జారిపోసాగింది. టప్‌మని నా పెట్టె తెరుచుకుంది. దూకాను! అబ్బ, ఎంత వెలుతురు, ఎన్ని మొహాలు! అందరూ కేకలు పెడుతుంటే నాకు మాత్రం పెళ్ళి సందడిలా ఉంది. కిటికీ పక్కావిడ తన మాస్కు లాగారు, డబ్బా రాజుకుంది. ఒకరు లాగితే నలుగురికీ గాలి వస్తుంది. ఆ ఇద్దరూ చటుక్కున తగిలించుకున్నారు. మన వియ్యపురాళ్ళు మాత్రం మర్యాదలు మొదలుపెట్టారు.

"ముందు మీరు కానివ్వండి వదినగారూ," అన్నారు మంగతాయారుగారు, చేతిలో గరిటె వదలకుండానే.

"అయ్యో, నిలబడున్నది మీరండి. మీరు కానివ్వండి," అని కనకరత్నంగారు తన మాస్కు చాచారు.

"అబ్బెబ్బే, ఆడపిల్ల తల్లినండీ బాబూ. మీ తరవాతే నేను."

పక్కనే ఊగుతున్న నా వంక ఒక్కరూ చూడలేదు.

ఇంకోచోటైతే పైలట్ తిన్నగా పదివేల అడుగులకు దించేసేవారు. అక్కడ మాస్కు లేకపోయినా ఊపిరి ఆడుతుంది. ఇక్కడ పదివేల అడుగులంటే కొండ కడుపులోకే. అందుకని కెప్టెన్ శిఖరాలకు తగలనంత ఎత్తు వరకు దిగి, విమానాన్ని వెనక్కి మైదానం వైపు తిప్పారు. కొండలు దాటడానికి పద్దెనిమిది నిమిషాలు. మా డబ్బా ఇరవై రెండు. మాస్కు పెట్టుకున్నవాళ్ళకు ఢోకా లేదు.

మంగతాయారుగారు పెట్టుకోలేదే! పైగా ఆవిడకు నవ్వు ముంచుకొచ్చింది. పల్చటి గాలి చేసే మాయ అది, ప్రాణం మీదికి వస్తున్నా హాయిగా ఉంటుంది. "ఏంటండీ ఇది, ఒళ్ళంతా దూదైపోయిందండీ!" అని కిలకిలలాడుతూ, గరిటెతో పులిహోర డబ్బా మీద తాళం వేసి, కోలాటం అడుగు కూడా వేశారు. నేనూ సిగ్గులేకుండా ఆవిడతోపాటు ఊగాను. అంతలో ఆవిడ పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గరిటె జారింది. నా సంబరం అక్కడితో సరి. భయమేసింది. పట్టుకోవడానికి నాకు చేతుల్లేవు.

కనకరత్నంగారు గబుక్కున తన మాస్కు తను పెట్టుకున్నారు. రెండు ఊపిర్లు పీల్చారు. కొంగు పట్టి వియ్యపురాలిని ఒళ్ళోకి లాగి, నన్ను అందుకుని ఆవిడ ముక్కుమీద అదిమారు. తన మాస్కు ఒక్క క్షణం తప్పించి అరిచారు:

"కూర్చోవే మంగా! నీ మర్యాద మండ! పీల్చవే! ఇంటికెళ్ళి నీ కూతురికి ఏం చెప్పమంటావే?"

మొదటి ఊపిరి రాలేదు. రెండోదీ రాలేదు. మూడోది వచ్చింది, వెచ్చగా, ఇంగువ ఘాటుతో. తొమ్మిదేళ్ళ నిద్రకు ఫలితం అదే. అలా కొండలు దాటేదాకా ఆవిడ వియ్యపురాలి ఒళ్ళోనే కూర్చున్నారు. ఆవిడ పీల్చినప్పుడల్లా నాకు గర్వంగా ఉంది.

ఢిల్లీ దారిలో విమానం పదివేల అడుగులకు దిగింది. నన్ను తీసేయగానే మంగతాయారుగారు అన్న మొదటి మాట: "వదినగారూ, మీరు పులిహోర తిననే లేదు."

కనకరత్నంగారు ఒళ్ళో డబ్బా పెట్టుకుని, ఒక ముద్ద చేసి ఆవిడ నోటికి అందించారు.

"ముందు నువ్వు."

ఒకసారి రాజుకుంటే మా పని అయిపోయినట్టే. మెకానిక్కు నన్ను ఊడదీసి, కప్పులో వాసన చూసి తెల్లబోయి, ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత తుక్కు బుట్టలో పడేశాడు. మిగతా మూడు మాస్కులూ ఇక్కడే ఉన్నాయి. వాటికేమీ వాసన లేదు.