అసిరమ్మ చుక్క గంగులు

నా నోటిదూల గురించి మా ఆవిడ చెప్పేదంతా నిజమే. చేపలమ్మే అసిరమ్మకి మొగుడి పేరు కలిపి మెయిల్ ఐడీ చేసిపెట్టిన రోజు, "అసిరమ్మ, చుక్క, గంగులు. ఆ చుక్క నీ బొట్టనుకో" అన్నాను. ఊరికే ఉండొచ్చు కదా!

2016లో చీపురుపల్లి మార్కెట్లో కొత్త చేపల షాపులకి ఆన్‌లైన్ దరఖాస్తులు పిలిచారు. ఆఖరిరోజు, సాయంత్రం ఐదింటికి గడువనగా, నాలుగున్నరకి నా నెట్ సెంటర్‌కి వచ్చింది అసిరమ్మ. ఇరవయ్యేళ్ళుగా ఎండలో తట్టతో కూర్చుంటోంది. షాపు రాకపోతే మళ్ళీ రోడ్డే.

అన్నీ నింపాను. మెయిల్ ఐడీలో @కి ముందు చుక్కల్లాంటి స్పెషల్ క్యారెక్టర్లు కుదరవని సైటు ఎర్రక్షరాలు చూపించింది. చుక్క తీసెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.

"బొట్టు సెరిపేస్తావేటి శావుకారూ! మా మావ సముద్రం మీదున్నాడు. నాలుగు రోజులై ఫోను కలవనేదు."

"అది ఉత్త చుక్కే అమ్మా."

"బొట్టని నువ్వే సెప్పినావు."

"అది తీసినా మెయిళ్ళు నీకే వస్తాయి. జీమెయిల్ వాడికి ఆ చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే."

"మరి ఈడికేటి బాద? కందకి నేని దురద కత్తిపీటకెందుకు?"

ఆ మాట ఆ సైటు చేసిన మహానుభావుణ్ణే అడగాలి.

జిరాక్సుకొచ్చిన లక్ష్మణమ్మ చుక్క బదులు అడ్డగీత పెట్టమంది. మనిషి పడుకున్నట్టుందని అసిరమ్మ ఒప్పుకోలేదు. ప్లస్ చూపిస్తే ఆసుపత్రి గుర్తంది. # చూడగానే మాత్రం మొహం వెలిగింది. "ఇది వల! ఇదెట్టు." సైటు వలనీ వద్దంది. చేపల షాపులకి వల పనికిరాదట!

గడువుకి ఇంకో రెండు నిమిషాలే ఉన్నాయి. అసిరమ్మ సంచిలోంచి స్టిక్కర్ల అట్ట తీసి, ఎర్ర బొట్టొకటి స్క్రీన్ మీద సరిగ్గా ఆ చుక్క మీద అంటించింది.

"ఇప్పుడు తియ్యి. మావొచ్చీదాకా దీన్ని ముట్టుకోకు."

దరఖాస్తు వెళ్ళింది. బొట్టు ఉండిపోయింది. మర్నాడు ఫారం నింపించుకోడానికొచ్చిన జగన్నాధం మాస్టారు, తన పుట్టినతేదీ మధ్యలో అదేమిటని నాతో తగువేసుకున్నారు. స్క్రీన్ తుడవబోయిన మా ఆవిడ మీద అరిచాను. కంప్యూటర్ తెలిసినవాణ్ణే, కానీ టీవీలో వాయుగుండం అన్నాక నాకూ భయమేసింది.

నాలుగోరోజు అసిరమ్మకి షాపు వచ్చిందని మెయిల్ వచ్చింది. ఆ సాయంత్రమే గంగులు వచ్చాడు, ఒళ్ళంతా ఉప్పు. ఒడ్డెక్కగానే అసిరమ్మ ఫోన్లో బొట్టు సంగతి చెప్పిందట. షాపు సంగతి చెబితే వినిపించుకోలేదు.

"నా సుక్కేది?" అన్నాడు.

చూపించాను. గోటితో మెల్లగా తీసి, జేబులో వేసుకున్నాడు.