మూడో గాటు

తవ్వకాల్లో దొరికిన వేల ఏళ్ల నాటి జింక కాలి ఎముక మీద మూడు గాట్లున్నాయి. మూడోది ఆమె చేతి పని.

మట్టి గీకుతుంటే ఉక్కు సూది జారి, ముదురు గోధుమరంగు ఎముక మీద తెల్లటి గీత పడింది. పాత గాట్లు ఎముక రంగులోనే ఉంటాయి. తెల్లగా ఉందంటే ఇప్పుడు పడిందనే. అప్పుడే సార్‌ని పిలవాల్సింది. కానీ ట్రేలోని తడిమట్టి వేలితో తీసి గీతలో రుద్దేసింది. సార్ ఎలాగూ పట్టేస్తారనుకుంది.

ఆయన పట్టుకోలేదు. ఇలాంటి ఎముక కోసమే ఏళ్లుగా తవ్విస్తున్న మనిషి. మైక్రోస్కోప్ మీంచి తలెత్తకుండానే అన్నారు.

"రెండే ఉంటే ఏ నక్క పళ్లో అనేవాళ్లు. మూడు, వరసగా, కీలు పక్కనే. రాతి కత్తితో కోసి కాలు విడదీశారమ్మా. వ్యాసంలో నీ పేరు కూడా వేద్దాం."

ఆ మాట సార్ భార్య ద్వారా అమ్మ దాకా వెళ్లింది. అమ్మ ఫోన్ చేసింది.

"ఎముకలు కడగడానికి ఇంత చదువా అని మీ బాబాయి ఇకిలించాడుగా. మా పిల్ల పేరు అచ్చులో పడుతోందని చెప్పేశా. ఆ తర్వాత నోరెత్తితే ఒట్టు."

"అప్పుడే ఎందుకు చెప్పావమ్మా?"

"చెబితే ఏం? దొంగతనం చేశావా ఏంటే?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

సార్ వ్యాసంతో పాటు ఎముక ఫొటోలు పంపబోతుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది. "పంపకండి సార్. మూడోది నాది." తడి దూదితో గీతను తుడిచింది. తెలుపు బయటపడింది.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"సూది నాకూ జారింది చాలాసార్లు. చెబితే రాసి పెట్టుకునేవాళ్లం. మట్టెందుకు పూశావమ్మా?"

"భయమేసింది సార్."

"మరి మిగతా రెండూ?"

"నావి కావు సార్. నిజంగా."

"నేను నమ్ముతాను. మిగతావాళ్లకి ఏం చెప్పను? ఒకదానికి మట్టి పూసిన చేతులే ఆ రెండూ కడిగాయి."

ఎప్పుడో ఎవరో ఆకలితో పెట్టిన గాట్లు అవి. వ్యాసంలోంచి వాటినీ తీసేశారు.

అలవాటుగా ఆమె తర్వాతి ఎముక ట్రేలో పెట్టుకుని సూది అందుకోబోయింది. సార్ ట్రే తన వైపు జరుపుకుని, కళ్లజోడు సర్దుకుని, తానే మట్టి గీకడం మొదలుపెట్టారు.